పెట్టె చల్లగానే ఉంది

"చల్లగా ఉంది. గుండ్రాయిలా ఉంది," అన్నాడు ఆయన. సీపీయూ పెట్టె పక్కన గొంతుక్కూర్చుని, అరచెయ్యి దాని రేకుకి ఆనించి, కళ్ళు మూసుకుని మరీ చెప్పాడు. "దీనికి వేడీ లేదు, గీడీ లేదు. నిక్షేపంలా ఉంది."

వేడి సంగతి ఆయన చెబితే ఆ వీధిలో ఎవరూ ఎదురు మాట్లాడరు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బేకరీలోనే ఉన్న మనిషి. బట్టీ తలుపు తెరిచి, చెయ్యి కాస్త లోపలికి పెట్టి తీసి, "ఇంకాసేపు మండనివ్వండి" అనో "ఇక ట్రేలు పెట్టండి" అనో తేల్చేస్తాడు. చెల్లెలు సరదాపడి ఒక సూది థర్మామీటరు కొనిస్తే, "చెయ్యి ఉన్నవాడికి ఇదెందుకు?" అని దాన్ని ఎక్కడో పారేశాడు. తన చేతిని మించిన కొలత లేదని ఆయన నమ్మకం. అందులో సగం నిజమే. మిగతా సగం ఆయన మీసంలో ఉంది.

ఆ తీర్పు విని ఆయన భార్య కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. మిషను బాగుందంటే ఎవరైనా సంతోషిస్తారు. ఆవిడ గుండెల్లో మాత్రం రాయి పడింది. ఎందుకంటే మిషను బాగుంటే, బాగోలేనిది తనే.

ఆవిడని వీధంతా టీచరమ్మ అంటారు. టైపు టీచరమ్మ. టైపు మిషన్లు ఉన్న రోజుల్లో ఎంతమందికి నేర్పిందో ఆవిడకే లెక్క తెలీదు. కళ్ళకి గంతలు కట్టినా తప్పు పడని వేళ్ళు ఆవిడవి. టైపు మిషన్లు అటకెక్కి ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, దిగులుపడకుండా కంప్యూటర్ ముందుకి జరిగి కూర్చుంది. ఒక పుస్తకాల ప్రెస్సు వాళ్ళు చేతిరాత ప్రతులు తెచ్చిస్తారు. వాటిని టైపు చేసి, పేజీలుగా కూర్చి ఇస్తుంది. కంప్యూటరూ పాతదే, అందులో అక్షరాలూ పాతవే, ఆవిడ చేతికి అలవాటైనవే. దాన్ని మార్చమని ఎందరు చెప్పినా మార్చలేదు.

అలాంటి వేళ్ళకి కొన్నాళ్ళుగా తెగులు పట్టింది. ఒక కీ కొడితే అక్షరం తెర మీద కనబడదు. కొట్టలేదు కాబోలనుకుని మళ్ళీ కొడుతుంది. కాసేపటికి రెండూ కలిసి ఊడిపడతాయి. ఒకటి చెరిపితే రెండు పోతాయి. పొద్దున్నే కూర్చున్నప్పుడు అంతా బాగానే ఉంటుంది, టీ వేళ దాటేసరికి ఈ గోల మొదలవుతుంది. పొద్దున బుర్ర తేటగా ఉండి, తర్వాత తర్వాత అలిసిపోతోందని ఆవిడ అర్థం చేసుకుంది. అలసటకి సాక్ష్యం కూడా దొరికింది. ప్రెస్సు నుంచి తిరిగొచ్చిన పేజీల నిండా ఎర్ర సిరా సున్నాలు. ఫోన్లో ప్రెస్సాయన ఎంతో మర్యాదగా, "మెల్లగా చేయండి మేడం, వయసు మీద పడుతోంది కదా, మాకేం తొందర లేదు," అన్నాడు. తిట్టినా బాగుండేది.

మిషను మీద నెపం వెయ్యడం ఆవిడ వల్ల కాదు. టైపు నేర్పినన్నాళ్ళూ, "టీచర్, ఈ కీ పడట్లేదు," అన్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఆవిడ ఒకటే సమాధానం చెప్పేది. "ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికొకతె. వేలు సరిగ్గా పెట్టు, పడుతుంది." అలా చెప్పి చెప్పి, ఇప్పుడు తన వంతు వచ్చేసరికి తనే మద్దెలని తిట్టడమా? అయినా చివరికి ఉండబట్టలేక, పాత కంప్యూటర్లు లోపల వేడెక్కితే నడక మందగిస్తాయని ఎక్కడో విన్నది గుర్తొచ్చి, "ఏవండీ, ఇది వేడెక్కుతోందేమో ఓసారి చూస్తారా?" అని అడిగింది. జీవితంలో మొదటిసారి మద్దెల మీద ఫిర్యాదు చేసింది. ఆయన వచ్చి చెయ్యి పెట్టాడు. మద్దెల బాగుందన్నాడు.

అసలు భయం టైపు గురించి కాదు. ఆవిడ తల్లికి మతిమరుపు ఉప్పుతో మొదలైంది. కూరలో ఉప్పు వేసి, వేశానో లేదో అనుకుని మళ్ళీ వేసేది. మొదట్లో ఇంట్లో అందరూ నవ్వారు. తర్వాత్తర్వాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. చివరి రోజుల్లో కూతుర్ని చూసి, "మీరెవరి తాలూకమ్మా?" అని ఎంతో మన్ననగా అడిగేది. ఒకసారి వేసింది మళ్ళీ వెయ్యడం. ఒకసారి కొట్టింది మళ్ళీ కొట్టడం. టీచరమ్మకి ఈ రెండింటికీ తేడా కనబడలేదు.

అందుకే కొన్నాళ్ళుగా వంటలో ఉప్పు వెయ్యడం మానేసింది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఆయన్ని పిలిచేది. "మీ చేతి ఉప్పయితే సరిగ్గా పడుతుందండీ, కాస్త వేసి వెళ్ళండి," అనేది. ఆయన ఉబ్బితబ్బిబ్బైపోయాడు. పిండిలో ఉప్పు వెయ్యడం జీవితమంతా చేసిన మనిషి, ఇన్నాళ్ళకి భార్య ఆ సంగతి గుర్తించిందని బేకరీ కౌంటరు దగ్గర కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఆ రోజు ఆయన చేతులు దులుపుకుని బట్టీ దగ్గరికి వెళ్ళిపోయాక, టీచరమ్మ ప్రెస్సాయనకి ఫోన్ చేసింది.

"మీ రాతప్రతి రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి. సగంలో ఆపినందుకు ఏమనుకోకండి. ఇక నావల్ల కాదు."

"అయ్యో, ఒంట్లో బాగోలేదా మేడం?"

"మోకాళ్ళు," అంది ఆవిడ. ఆ మాటలో అబద్ధం సగమే. మోకాళ్ళ నొప్పి నిజంగానే ఉంది. ఆ మోకాళ్ళ కోసమే ఆయన కంప్యూటర్‌ని మేడ మీది గదినుంచి కిందికి దింపి, బట్టీ వెనక మైదా బస్తాలుండే గదిలో కిటికీ పక్కన బల్ల వేసి పెట్టాడు. "నువ్వు మెట్లెక్కక్కర్లేదు, నీకు టీ కూడా ఇక్కడికే వస్తుంది," అని. ఫోన్ పెట్టేసి ఆవిడ ఆ కిటికీలోంచి చాలాసేపు వీధిలోకి చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. ఆవిడకి ఏడుపు తొందరగా రాదు. ఏదైనా కడుపులో పెట్టుకుని పైకి నవ్వుతూ తిరుగుతుంది. "మా వదిన చల్లని మనిషి" అని ఆడపడుచు నలుగురికీ చెబుతుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఆడపడుచే సుడిగాలిలా గదిలోకి వచ్చింది. బేకరీలో కౌంటరు చూసుకునేది ఆవిడే. అన్నయ్య కంటే బాగా చిన్నది, నోరు మాత్రం అన్నయ్య కంటే పెద్దది.

"వదినా, తలుపుకి ఒక కాగితం అంటించాలి. 'తలుపు మూయండి, పిల్లి లోపలికి వస్తోంది' అని. పెద్ద అక్షరాల్లో కొట్టివ్వవూ?"

టీచరమ్మ అప్పటికి పూర్తయిన పేజీలన్నిటినీ చివరిసారి కూర్పులో పెట్టింది. వాటిని ప్రెస్సుకి అప్పగించాలిగా. కంప్యూటర్ పొద్దుట్నుంచీ ఆ పని మీదే ఉంది. ఆవిడ రాతప్రతి కాగితాల్ని సర్ది దారం కడుతోంది.

"ఈవేళ నా చేతులు బాగోలేవే. నువ్వే కొట్టుకో."

"నేనా? నాకు ఒంటి వేలి విద్యే కదా వచ్చింది!" అంటూనే ఆడపడుచు కుర్చీలాక్కుని కూర్చుంది. ఒక్కో అక్షరాన్ని వెతికి పట్టుకుని, దోమని చంపినట్టు చూపుడు వేలితో పొడవడం మొదలుపెట్టింది. కాసేపటికి చెయ్యి ఆపి తెరకేసి చూసింది.

"ఇదేంటి వదినా? 'తతలులుపు మూమూయండి' అని పడింది! నీ మిషనుకి నత్తి పట్టినట్టుంది."

టీచరమ్మ చేతిలో దారం అలాగే ఉండిపోయింది. లేచి వచ్చి ఆడపడుచు భుజం మీదుగా వంగి చూసింది. అవే జంటలు. తన పేజీల్లో ఎర్ర సున్నాలు చుట్టించుకున్నవి.

"నువ్వు ఒక్కసారే కొట్టావా?"

"ఒకసారి కొట్టాను. పడలేదు. అందుకని మళ్ళీ కొట్టాను."

"పడకపోతే మళ్ళీ ఎందుకు కొట్టావు?"

ఆడపడుచు వింతగా చూసింది. "బావుంది, పడకపోతే మళ్ళీ కొట్టరా? ఎవరైనా అదే చేస్తారుగా వదినా!"

ఎవరైనా అదే చేస్తారు. ఆ మాట చెవిన పడి టీచరమ్మ పక్కనున్న బస్తా మీద కూలబడింది. ఈ పిల్లకి మతిమరుపు లేదు. కిందటేడు ఎవరు ఏ కేకు మీద ఏ పేరు రాయించుకున్నారో కూడా చెబుతుంది. ఆ వేలి కింద కూడా అక్షరాలు రెండేసి పడుతున్నాయంటే? ఆశ పుట్టింది. పుట్టగానే ఆవిడకి భయమేసింది. ఆయన చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉందన్నాడు. ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఆశపడి, అది కూడా కాదని తేలితే, మళ్ళీ తట్టుకోవాలి.

కానీ టీచరు టీచరే. ఎవరు తప్పో తేలాలంటే పరీక్ష పెట్టాలి, ఊహలతో మార్కులు వెయ్యకూడదు.

"నీకు ఆ కంప్యూటర్లు రిపేరు చేసే ఆవిడ తెలుసు కదూ? ఫోన్ చెయ్యి," అంది.

రిపేరావిడ అవతల ఏదో స్క్రూ నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. "బయట చెయ్యి పెడితే ఏం తెలుస్తుందండీ? ప్రాసెసర్ లోపలెక్కడో ఉంటుంది. దానికి దగ్గర్లోనే వేడి కొలిచే చిన్న ముక్క ఒకటుంటుంది, అది చెప్పాలి. ఒకసారి ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యండి. ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కుతూ ఉండండి. నీలం తెర వస్తుంది. అందులో ప్రాసెసర్ వేడి ఎంతో రాసుంటుంది."

"ఎంతుంటే ఎక్కువన్నట్టు?" అని అడిగింది టీచరమ్మ.

"మీది పాతది కదా. ఊరికే కూర్చున్నప్పుడు నలభై, యాభై అలా ఉండాలి. గది ఉక్కగా ఉంటే ఇంకాస్త. పని గట్టిగా పడితే డెబ్భై దాకా వెళ్ళినా కంగారు లేదు. తొంభై దగ్గరికెళ్ళిందంటే మాత్రం అది భయపడుతుందండీ. కాలిపోకుండా తనని తాను కాపాడుకోడానికి నడక తగ్గించేస్తుంది. మీరు కొట్టింది అందుకోలేదు. ఇంకా పెరిగితే ఆరిపోతుంది."

నీలం తెర వచ్చింది. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో వరుసా వేలితో చూపిస్తూ చదువుకుంటూ దిగింది. ప్రాసెసర్ అన్న మాట ఎదురుగా తొంభై ఒకటి అని ఉంది. కాసేపాగి చూసింది. ఇంకొకటి పెరిగింది. ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చుంటేనే అంత ఉంది.

"అన్నయ్యా!" అని ఆడపడుచు పెట్టిన కేకకి బట్టీ దగ్గర ఆయన చేతిలోని ట్రే కింద పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

విషయం విని ఆయన నమ్మలేదు. "ఆ తెర చెప్పేదేంటి? రోగి తన జ్వరం తనే చెప్పుకుంటే అయిపోయిందా? ఇటు రండి." మళ్ళీ గొంతుక్కూర్చుని చెయ్యి ఆనించాడు. పెట్టె వెనక గాలి వచ్చే చోట కూడా పెట్టి చూశాడు. "ఇదిగో. చల్లటి గాలి వస్తోంది. తొంభై ఉంటే రేకుకి తెలీదా?"

"మా అన్నయ్య పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అంది చెల్లెలు.

టీచరమ్మ తొందరపడలేదు. పిల్లలచేత జవాబు వాళ్ళ నోటితోనే చెప్పించడం ఆవిడ పాత పద్ధతి. "ఏవండీ, మన బట్టీ గోడ బయట ఎలా ఉంటుంది?" అని అడిగింది.

ఆయన మొహం వెలిగింది. "మన బట్టీయా? దగ్గరుండి కట్టించింది నేను. లోపల పెట్టిన రొట్టె బొగ్గయ్యేంత వేడున్నా, బయట గోడకి వీపు ఆనించి పిల్లి నిద్రపోతుంది. మంచి బట్టీ అంటే అదీ. చేత్తో తాకితే చల్లగా ఉండాలి. వేడి లోపలే..."

అక్కడ ఆగిపోయాడు.

"లోపలే ఉండిపోవాలి, అంతేగా?" అంది టీచరమ్మ మెల్లగా. "బట్టీకి అది మంచిది. దీనికి వేడి బయటికి రావాలటండీ, రిపేరావిడ చెప్పింది. వెనక వచ్చే గాలి వెచ్చగా ఉండాలట. చల్లగా ఉందంటే వేడి లోపలే కూర్చుందన్నమాట."

ఆయన మీసం ఒకసారి సవరించుకుని, లేచి, బట్టీ పక్కనున్న అలమర దగ్గరికి తిన్నగా వెళ్ళి, పై అరలో డబ్బా వెనకనుంచి సూది థర్మామీటరు తీసుకొచ్చాడు. పారేశాననీ ఎక్కడుందో తెలీదనీ ఇన్నాళ్ళూ చెప్పిన థర్మామీటరు. దాని మీద దుమ్ము లేదు. సూది రోజూ వాడుతున్నట్టు తళతళలాడుతోంది. చెల్లెలు నోరు తెరవబోయింది, వదిన కళ్ళతోనే వద్దంది.

వెనక గాలి దగ్గర సూది పెట్టి ఆయన చాలాసేపు చూశాడు. గదిలో ఎంత ఉందో అంతే. తెర మీద మాత్రం తొంభై దాటి ఉంది.

"పైన పచ్చి, లోపల మాడు," అన్నాడు ఆఖరికి. "ఇలాంటి రొట్టె నేను ఎక్కడా చూళ్ళేదు."

కరెంటు తీసేసి, వైర్లు పీకి, పెట్టెని బల్ల మీద పడుకోబెట్టి పక్క రేకు విప్పారు. ప్రాసెసర్ మీద సన్నటి లోహపు రేకులు దగ్గరదగ్గరగా నిలబెట్టిన దిమ్మ ఉంది. దాని మీద చిన్న ఫ్యాను. దిమ్మ వేడిని పీల్చుకోవాలి, ఫ్యాను దాన్ని ఊది బయటికి పంపాలి, అదీ పని. ఫోన్లో రిపేరావిడ చెబుతుంటే టీచరమ్మ నాలుగు మరలు విప్పి ఫ్యానుని పైకి తీసింది. కింద రేకులే కనబడలేదు. దుప్పటి కప్పినట్టు బూడిద రంగులో మందంగా ఏదో పేరుకుపోయి ఉంది. ఇన్నాళ్ళూ ఫ్యాను పాపం ఆ దుప్పటి మీదే ఊదుతోంది.

"నివురుగప్పిన నిప్పు," అంది ఆడపడుచు.

ఆయన ఆ దుప్పటి అంచు పట్టుకుని లాగాడు. అట్టలా ఊడి వచ్చింది. ఒక ముక్క తుంచి వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. మళ్ళీ నలిపాడు. ఆయన చెయ్యి ఈసారి తప్పు చెప్పలేదు.

"మైదా," అన్నాడు. "మన మైదాయే."

ముగ్గురూ చుట్టూ ఉన్న బస్తాలకేసి చూశారు. రోజూ పొద్దున ఆయన ఈ గదిలోకే వచ్చి, బస్తా మూతి విప్పి, డబ్బాతో పిండి తోడుకుంటాడు. కిటికీ ఎండలో తెల్లటి పొడి తేలుతుంటే ఆవిడకి అందంగా కూడా ఉండేది. మేడ మీద ఉన్నన్నాళ్ళూ వేళ్ళకి ఏ తెగులూ లేదు. కిందికి వచ్చాకే మొదలైంది. ఆ రెండింటినీ ఆవిడ ఎప్పుడూ కలిపి చూసుకోలేదు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది ఆడపడుచు. నవ్వబోయి అన్నయ్య మొహం చూసి ఆగింది. ఆయన మొహం పాలిపోయింది. భార్య మెట్లెక్కకూడదని ఆ బరువైన పెట్టెని భుజానికెత్తుకుని దింపింది ఆయనే. దింపినరోజు మీసం మెలేసింది కూడా.

ఎవరూ చెప్పకుండానే వెళ్ళి, బన్నుల మీద పాలు పూసే మెత్తటి బ్రష్షుల్లో కొత్తది ఒకటి తెచ్చాడు. కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కో రేకు సందులోనూ బ్రష్షు దూర్చి పిండి దులిపాడు. కేకు మీద పువ్వులు పెట్టేటప్పుడు కూడా ఆయన అంత ఓపిక చూపించడు. చెల్లెలు చిన్న గాలి పంపు పట్టుకుని ఊదింది. ఫ్యాను రెక్కలు తుడిచారు. మళ్ళీ అన్నీ బిగించి కరెంటు పెట్టారు.

నీలం తెర మీద అంకె నలభైల్లో మొదలై, యాభై దగ్గర తచ్చాడి, అక్కడే నిలబడింది. టీచరమ్మ అంతటితో ఊరుకోలేదు. పేజీలన్నిటినీ మళ్ళీ మొదట్నుంచీ కూర్పుకి పెట్టి, బాగా పని పడనిచ్చి, మళ్ళీ చూసింది. అరవై దాటింది, డెబ్భైకి పోలేదు. ఆయన వెనక్కెళ్ళి చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో, ఇప్పుడు వెచ్చగా ఉందే!"

"వెచ్చగా ఉంటేనే బాగున్నట్టండీ," అని టీచరమ్మ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో ఆయనకి అప్పుడే తట్టింది.

ఆడపడుచు కౌంటరుకి వెళ్ళిపోయింది. టీచరమ్మ కుర్చీ దగ్గరకి జరుపుకుంది. దారం విప్పి, రాతప్రతిలో ఆగిన పేజీ తీసి ఎదురుగా పెట్టుకుంది. వేళ్ళు కీల మీద పెట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత మొదలుపెట్టింది. కొట్టిన ప్రతి అక్షరం కొట్టగానే తెర మీద ఉంది. ఒకటి కొడితే ఒకటే. వేగం పెంచింది. ఒకటి కొడితే ఒకటే. పేజీ సగం దాటేసరికి ఆవిడకి తెర మసకగా కనబడింది. కళ్ళజోడు తీసి చూస్తే కన్నీళ్ళు.

"ఏడుస్తావేంటే? మిషను బాగయిందిగా!" అన్నాడు ఆయన కంగారుగా.

"బాగయింది కాబట్టే." కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆవిడ చెప్పేసింది. "మా అమ్మలా అయిపోతున్నాననుకున్నానండీ. కొట్టిందే మళ్ళీ కొడుతున్నాను కదా. ఒకరోజు మిమ్మల్ని చూసి, 'మీరెవరండీ' అంటానని భయమేసింది. ఎవరికీ చెప్పలేకపోయాను. ఇవాళ సాయంత్రం రాతప్రతి కూడా తిరిగిచ్చేద్దామనుకున్నాను."

ఆయన బస్తా మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "ఉప్పు..." అన్నాడు.

"అవును."

"అందుకేనా నాచేత వేయించావు?"

"అందుకే."

ఆయనకి కౌంటరు దగ్గర తను చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది, దానికంటే ఎక్కువ బాధేసింది. ఇంత భయాన్ని కడుపులో పెట్టుకుని ఈవిడ రోజూ తనతో టీ తాగింది, పక్కనే కూర్చుని నవ్వింది.

"నిన్న చెయ్యి పెట్టి, దీనికేం లేదన్నాను. నువ్వూ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, నీకూ ఏం లేదనే అనుకున్నాను."

"నేను చెప్పలేదుగా."

"చెప్పకపోతే మాత్రం? ప్రతి రొట్టెనీ తిరగేసి, అడుగున తట్టి, చప్పుడు విని గానీ బయటికి పంపను. నిన్ను ఒక్కసారి పలకరించి చూసుకోలేదు." ఆయన లేచి కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేశాడు. "దీన్ని ఇప్పుడే మళ్ళీ మేడ మీదికి మోస్తాను."

"మేడ మీదికి వద్దు, నాకు మెట్లు వద్దు. మీ బస్తాలే పక్క గదిలోకి మొయ్యండి," అంది టీచరమ్మ. ఆయన మారుమాట్లాడకుండా మొదటి బస్తా భుజానికెత్తుకున్నాడు.

సాయంత్రం ప్రెస్సాయన వచ్చేసరికి గదిలో బస్తాలు లేవు, నేల తడిగుడ్డతో తుడిచి ఉంది. టీచరమ్మ వెనక్కి తిరక్కుండానే, "కూర్చోండి, ఈ పేజీ అయిపోనివ్వండి," అంది. ఆయన కూర్చున్నాడు. వచ్చింది రాతప్రతి పట్టుకెళ్ళడానికే అయినా, ఆ వేళ్ళ చప్పుడు వింటూ కూర్చుని ఆ సంగతి ఎత్తలేదు. పేజీ తీసి ఇస్తే జేబులోంచి ఎర్ర కలం తీసి మొదట్నుంచి చివరిదాకా చదివాడు. కలానికి పని పడలేదు. మూత పెట్టేశాడు.

"మోకాళ్ళు తగ్గాయా మేడం?" అన్నాడు.

"మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మద్దెల బాగయింది," అంది ఆవిడ. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆడపడుచు పొట్లం కట్టిచ్చిన బన్నులు పట్టుకుని, రాతప్రతి లేకుండా ఇంటికి వెళ్ళాడు.

రేపో ఎల్లుండో మతిమరుపు రాదని టీచరమ్మకి ఎవరూ రాసివ్వలేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కానీ ఇవాళ రాలేదు. వయసు వచ్చినవాళ్ళకి ఇవాళ కూడా చిన్న ఆస్తేం కాదు.

చీకటి పడ్డాక వంటగదిలో కూర ఉడుకుతోంది. ఆవిడ పిలవకుండానే ఆయన వచ్చాడు. కొన్నాళ్ళ అలవాటు కదా, అరమీదినుంచి ఉప్పు డబ్బా తీసి మూత తిప్పబోయాడు. ఆవిడ చెయ్యి చాచింది. ఆయన ఒక్క క్షణం ఆగి, డబ్బా ఆవిడ చేతిలో పెట్టాడు.

టీచరమ్మ చిటికెడు ఉప్పు తీసి కూరలో వేసింది. గరిటెతో ఒకసారి కలిపి, డబ్బాకి మూత బిగించి, దాని చోట దాన్ని పెట్టేసింది. వేశానా లేదా అని మళ్ళీ చూసుకోలేదు.